టాప్ దించిన కన్వర్టిబుల్‌లో పాట స్పష్టంగా వినిపించాలంటే ఏం చేయాలి?

"టాప్ వేసి ఉన్నంతసేపూ పాట బ్రహ్మాండంగా ఉంటుంది. దించి హైవే ఎక్కగానే హోరు తప్ప ఏమీ వినబడదు. స్పీకర్లు మార్చాలా?" కన్వర్టిబుల్ (పైకప్పు మడిచి దించుకునే కారు) కొన్నవాళ్లూ, నాలుగు రోజులకు అద్దెకు తీసుకున్నవాళ్లూ పదే పదే అడిగే ప్రశ్న ఇది. చాలామంది విషయంలో జవాబు ఒకటే: మార్చక్కర్లేదు. ముందు గాలి సంగతి చూసుకోవాలి, తర్వాత వేగం, ఆ తర్వాత సెట్టింగులు, పాటల ఎంపిక. వాల్యూమ్ మీద చెయ్యి వేయడం అన్నిటికన్నా చివరి పని. ఈ వరుసను తిరగేసి వాల్యూమ్‌తో మొదలుపెడితే పాటా దక్కదు, చెవులూ పాడవుతాయి.

కారణం క్లుప్తంగా చెప్పుకుని ముందుకెళ్దాం. మూసి ఉన్న కారు చిన్న గది కాబట్టి బేస్ (పాటలోని కింది స్వరాల మోత) అందులో దానంతటదే బలపడుతుంది. టాప్ తీయగానే ఆ బలం పోతుంది. దానికి తోడు గాలి హోరు ఎక్కువగా కింది స్థాయి శబ్దాల్లోనే ఉంటుంది కనుక, మిగిలిన కాస్త బేస్‌ను కూడా అదే కప్పేస్తుంది. పైగా ఈ హోరు వేగంతో పాటు మెల్లగా పెరగదు, ఒక్కసారిగా ఎగబాకుతుంది. వేగం రెట్టింపైతే, అంటే గంటకు 40 కి.మీ. నుంచి 80కి వెళితే, గాలి రేపే శబ్దం లెక్క ప్రకారం సుమారు 18 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) పెరుగుతుంది. స్పీకర్ల నుంచి కేవలం 10 డెసిబెల్స్ అదనంగా రాబట్టాలన్నా ఆంప్లిఫైయర్ 10 రెట్లు పవర్ ఇవ్వాలి. 50 వాట్ల చోట 500 వాట్లు. గాలితో పోటీపడి గెలవలేమని అనేది ఇందుకే.

కావలసినవి

- మీ కారు మోడల్‌కు సరిపోయే విండ్ డిఫ్లెక్టర్. సీట్ల వెనక బిగించే జాలీ తెర ఇది. కొన్ని కార్లకు కంపెనీయే ఇస్తుంది, డిక్కీలో మడిచిపెట్టి ఉందేమో ముందు వెతకండి.
- ఫోన్, దానికి యూఎస్‌బీ కేబుల్ లేదా బ్లూటూత్.
- పదాలన్నీ మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి, మీరు ఎప్పుడూ వినని పాట ఒకటి. ఎందుకో కింద చెబుతాను.
- ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్. ఐఫోన్ ఉన్నవాళ్లకు అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ నయోష్ తయారుచేసిన సౌండ్ లెవెల్ మీటర్ ఉచితంగా దొరుకుతుంది.
- పక్క సీట్లో ఒక మనిషి. సెట్టింగులు మార్చేదీ, కొలిచేదీ వాళ్లే. నడిపేవాళ్ల చేతులు స్టీరింగ్ మీదే ఉండాలి.

1. ఆగి ఉన్న కారులో మొదలుపెట్టండి

టాప్ వేసి, ఇంజిన్ ఆపి, తెలిసిన పాట పెట్టండి. హాయిగా వినిపించే వాల్యూమ్ అంకె ఎంతో రాసుకోండి. ఇప్పుడు కదలకుండానే టాప్ దించి అదే పాట మళ్లీ వినండి. గాలి లేకపోయినా బేస్ పల్చబడటం, పాట కాస్త దూరం జరిగినట్టు ఉండటం గమనిస్తారు. ఇది మీ కారు సహజ లక్షణం. ఈ తేడా తెలియకపోతే రోడ్డు మీద కనిపించే ప్రతి లోపాన్నీ గాలి ఖాతాలో వేసేస్తారు.

ఇక్కడే స్పీకర్లన్నీ పనిచేస్తున్నాయో లేదో కూడా చూసుకోండి. బ్యాలెన్స్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి, ఫేడర్‌ను పూర్తిగా ముందుకు, వెనక్కి తిప్పి ఒక్కో మూల వినండి. ఏదైనా మూల నుంచి జీరగానో, గలగలమనో వస్తే ముందు అది బాగుచేయించాలి. ఆ తర్వాతే మిగతావి.

2. గాలిని లోపలికి రానివ్వకండి

ఈ ఒక్క అడుగు సరిగ్గా వేస్తే సగం పని అయిపోయినట్టే.

గాలి ముందు అద్దం మీదుగా దూకి నేరుగా మీ మొహానికి కొట్టదు. మీ తల దాటి వెళ్లి, వెనక సుడి తిరిగి, సీట్ల మధ్య నుంచి ముందుకు వస్తుంది. జుట్టు వెనక నుంచి మొహం మీదకు ఎగరడం అందుకే. విండ్ డిఫ్లెక్టర్ ఆపేది ఈ వెనక్కి తిరిగొచ్చే గాలినే. కాబట్టి దాన్ని పూర్తిగా నిలబెట్టి, కింద ఖాళీ లేకుండా బిగించండి. పడుకోబెట్టి వదిలేస్తే అది ఉన్నా లేనట్టే.

తర్వాత పక్క అద్దాలు. చాలా కన్వర్టిబుల్స్‌లో టాప్ దించే బటన్ నొక్కితే నాలుగు అద్దాలూ దానంతటవే దిగిపోతాయి. టాప్ దిగాక వాటిని మళ్లీ పైకెత్తుకోవాలని చాలామందికి తోచదు. నాలుగింటినీ పూర్తిగా ఎత్తండి. సగం ఎత్తితే అద్దం అంచు సరిగ్గా చెవి దగ్గరికి వచ్చి, అక్కడే సుడి పుట్టిస్తుంది. ఎత్తితే పూర్తిగా ఎత్తాలి, లేదా పూర్తిగా దించాలి. నడిపేవాళ్లకు కిటికీ వైపు చెవికే ఎక్కువ దెబ్బ తగులుతుంది గనుక ఆ అద్దం మరీ ముఖ్యం.

సీటును ఒక మెట్టు కిందికి దించే వీలుంటే దించండి. తల పైభాగం ముందు అద్దం అంచుకు ఎంత కింద ఉంటే అంత ప్రశాంతం. అయితే రోడ్డు, వెనక చూసే అద్దాలు, మీటర్లు మునుపటిలాగే కనబడాలి. చూపు తగ్గేటట్టయితే ఈ మార్పు వద్దు.

జాగ్రత్త: నాలుగు సీట్ల కార్లలో చాలా డిఫ్లెక్టర్లు వెనక సీట్ల మీద పరుచుకుంటాయి. అది ఉండగా వెనక ఎవరినీ కూర్చోబెట్టలేరు. దానికి బదులు అట్టముక్కో, దుప్పటో కట్టుకోవద్దు. వేగంలో ఊడి వెనక వచ్చేవాళ్ల అద్దం మీద పడితే ప్రాణాల మీదకు వస్తుంది. సీట్ల మీద టోపీలు, కాగితాలు, సంచులు వదులుగా ఉంచకపోవడం కూడా అందుకే.

డిఫ్లెక్టర్ లేనివాళ్లు మిగతా రెండూ చేసి, మూడో అడుగు మీద ఎక్కువగా ఆధారపడండి.

3. పాటకు తగిన వేగం ఎంచుకోండి

పాట వినడమే ఆ ప్రయాణం ఉద్దేశమైతే హైవే వదిలి పక్క దారి పట్టండి. గంటకు 50 నుంచి 70 కి.మీ. మధ్య, అద్దాలు ఎత్తి, డిఫ్లెక్టర్ పెట్టుకుని వెళ్తుంటే చాలా కార్లలో పాటలో మాటలు తేలిగ్గా పట్టుబడతాయి. 100 దాటాక ఖరీదైన ఆడియో ఉన్న కారులో కూడా సున్నితమైన సంగతులు వినబడవు. ఇది నా గట్టి అభిప్రాయం: కన్వర్టిబుల్‌లో అన్నిటికన్నా మంచి ఆడియో పరికరం తక్కువ వేగమే.

హైవే తప్పనిసరైతే లారీల పక్కన పక్కనే నడపకండి. వాటి టైర్ల మోత నేరుగా మీ చెవిలో పడుతుంది. భద్రంగా దాటేయండి, లేదా బాగా వెనకబడండి. ఎత్తైన గోడల మధ్య, సొరంగాల్లో శబ్దం గోడకు తగిలి తిరిగొస్తుంది. అక్కడ వాల్యూమ్ పెంచకుండా దాటిపోండి. పొడవైన హైవే ప్రయాణానికి టాప్ వేసుకుని, దిగాక దించుకోవడంలో లోటేమీ లేదు.

4. ఫోన్ వైపు సరిచూడండి

బ్లూటూత్‌లో వింటుంటే ఫోన్ వాల్యూమ్ దాదాపు నిండుగా ఉంచి, తగ్గించడం పెంచడం కారు వాల్యూమ్‌తో చేయండి. ఫోన్ సగంలో ఉండి కారు వాల్యూమ్ నిండుగా ఉంటే శబ్దం బలహీనంగా వస్తుంది.

పాటల యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ అనే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి. ఒక పాట గుసగుసగా, తర్వాతిది చెవులు అదిరేలా రాకుండా అన్నిటినీ ఇంచుమించు ఒకే మట్టానికి తెస్తుంది. స్పాటిఫైలో దీనికే లౌడ్, నార్మల్, క్వైట్ అని మూడు మెట్లున్నాయి. లౌడ్ పాటలోని హెచ్చుతగ్గులను కొంత అణిచేస్తుంది గనుక ఇంట్లో వినడానికి నచ్చకపోవచ్చు, గాలిలో మాత్రం అదే పనికొస్తుంది.

ఖరీదైన నాణ్యత ఫార్మాట్ల గురించి ఇక్కడ ఆందోళన అనవసరం. గాలి హోరులో వాటి తేడా తెలియదు. తెగిపోకుండా రావడం ముఖ్యం కాబట్టి సిగ్నల్ అందని దారిలో వెళ్తుంటే ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. వరుస కూడా బయల్దేరకముందే పేర్చుకోండి. టాప్ దించి ఉండగా కారు మైక్‌కు మీ గొంతు సరిగా అందదు, మాటతో పాట మార్చమంటే పలకదు.

ఫోన్‌ను ఎండలో పెట్టకండి. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వేడిలో వాడమని ఆపిల్ చెబుతుంది. నేరుగా ఎండ పడే డాష్‌బోర్డు మీద ఆ హద్దు త్వరగానే దాటి, ఫోన్ తనంతట తానే ఆగిపోవచ్చు. సీట్ల మధ్య మూత ఉన్న పెట్టెలో పెట్టి కేబుల్ బయటికి తీయండి.

5. ఈక్వలైజర్: బేస్ కాదు, మధ్య స్వరాలు

కింది, మధ్య, పై స్వరాలను విడివిడిగా పెంచి తగ్గించే సెట్టింగే ఈక్వలైజర్. బేస్ వినబడటం లేదు కాబట్టి బేస్ పెంచాలి. అందరికీ మొదట తట్టేది ఇదే, జరిగే నష్టం కూడా ఇక్కడే. గాలి బలంగా ఉన్న చోటికే మీరు పవర్ అంతా పంపుతున్నారు. బేస్ అప్పటికీ వినబడదు, డోర్ స్పీకర్లు మాత్రం ఊగి ఊగి జీరపోతాయి, ఆ జీర గాయకుల గొంతుకు అంటుకుంటుంది.

మనిషి గొంతులో మాట స్పష్టతను మోసేది సుమారు 1,000 నుంచి 4,000 హెర్ట్జ్ (స్వరం ఎత్తును చెప్పే కొలత) మధ్య భాగం. గాలి అక్కడ కాస్త బలహీనం. కాబట్టి మన పెట్టుబడి అక్కడ.

చాలా పట్టీలున్న ఈక్వలైజర్ అయితే ఇలా మొదలుపెట్టండి:

- 60 హెర్ట్జ్, అంతకన్నా కింద: 3 నుంచి 6 మెట్లు తగ్గించండి. ఎలాగూ వినబడని దాని కోసం స్పీకర్‌ను అలసిపోనివ్వొద్దు.
- 100 నుంచి 200: 2 మెట్లు పెంచండి. తాళానికి దన్ను ఇక్కడి నుంచే వస్తుంది. డ్రమ్ దెబ్బ, తబలాలో డగ్గా తెలిసేది ఈ భాగంలోనే.
- 300 నుంచి 500: ముట్టుకోకండి.
- 1,000 నుంచి 4,000: 3 మెట్లు పెంచండి.
- 8,000 పైన: 1 లేదా 2 మెట్లు పెంచండి.

బేస్, మిడ్, ట్రెబుల్ మూడే ఉన్నవాళ్లు బేస్‌ను సున్నా దగ్గర ఉంచి, మిడ్ 3, ట్రెబుల్ 2 పెట్టి వినండి. మిడ్ కూడా లేని పాత సిస్టమ్ అయితే బేస్ 2 తగ్గించి, ట్రెబుల్ 2 పెంచండి. గొంతు తనంతట తానే ముందుకొస్తుంది.

ఎక్కువైందో లేదో తెలుసుకోవడానికి స, శ, చ అక్షరాలు వినండి. అవి సూదిలా గుచ్చుతుంటే ట్రెబుల్‌లోనో, 4,000 దగ్గరో ఒక మెట్టు దిగండి. ఈ సెట్టింగును వేరే పేరుతో దాచుకోగలిగితే దాచుకోండి. టాప్ వేసినప్పుడు ఇదే ఉంటే పాట పల్చగా, గరుకుగా వినిపిస్తుంది. కొన్ని కార్లు టాప్ దించగానే ఈక్వలైజర్‌ను తామే మార్చుకుంటాయి. మీ కారు మాన్యువల్‌లో అలా ఉంటే పైన చెప్పిన అంకెల్లో సగం చాలు.

సరౌండ్ లాంటి ఎఫెక్టులు ఆపి మామూలు స్టీరియోలో వినండి. ఫేడర్ విషయంలో ఒకే నియమం లేదు. సాధారణంగా ముందుకు రెండు మెట్లు జరిపితే గొంతు కుదురుకుంటుంది. హెడ్‌రెస్ట్‌లో స్పీకర్లు ఉన్న కార్లలో మాత్రం వెనక్కి జరిపి చూడండి. మాజ్దా ఎంఎక్స్-5 కొత్త తరంలో బోస్ సిస్టమ్ ఉన్నవి అలాంటివే. చెవికి అంత దగ్గరగా ఉన్న స్పీకర్‌ను గాలి తేలిగ్గా మింగలేదు.

6. వేగంతో మారే వాల్యూమ్

సెట్టింగుల్లో స్పీడ్ వాల్యూమ్ లాంటి పేరుతో ఉంటుంది. వేగం పెరిగితే పెంచుతుంది, తగ్గితే తగ్గిస్తుంది. చాలా కార్లలో తక్కువ, మధ్యమం, ఎక్కువ అని మెట్లుంటాయి. టాప్ దించినప్పుడు మధ్యమంతో మొదలుపెట్టండి. ఇది ఆన్‌లో ఉంటే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మీ పాట చుట్టుపక్కల వాళ్లందరి నెత్తిన పడదు. ఈ సదుపాయం లేకపోతే వేగం తగ్గించేటప్పుడే స్టీరింగ్ మీది బటన్‌తో వాల్యూమ్ దించడం అలవాటు చేసుకోండి. పక్కవాళ్ల మీద మర్యాద అది.

7. గాలికి తట్టుకునే పాటలు

ఇంట్లో ప్రాణం పెట్టి వినే పాటలన్నీ ఇక్కడ పనికిరావు. వీణ ఆలాపన, నెమ్మదిగా మొదలై పావుగంటకు గానీ పతాకస్థాయికి చేరని సింఫనీ, దాదాపు గుసగుసలా పాడే గాయని. వీటిలో సన్నని భాగాలు గాలిలో కలిసిపోతాయి. వాటి కోసం వాల్యూమ్ పెంచితే హెచ్చు భాగం వచ్చినప్పుడు ఉలిక్కిపడతారు.

నిలిచేవి ఏవంటే: గొంతు ముందుండి వాద్యాలు వెనకుండే పాటలు, తాళం చేతి చప్పట్లలా స్పష్టంగా ఉన్నవి, ట్రంపెట్, శాక్సఫోన్, నాదస్వరం, ఎలక్ట్రిక్ గిటార్ లాంటి పదునైన వాద్యాలున్నవి, మొదటి నుంచి చివరి దాకా ఒకే మట్టంలో సాగేవి. 1950లు, 60ల నాటి సినిమా పాటలు చాలావరకు ఈ పరీక్షలో నెగ్గుతాయి. చిన్న రేడియోల్లో కూడా వినిపించేలా గొంతును ముందుకు తెచ్చి రికార్డు చేసినవి కావడమే కారణం.

రెండు జాబితాలు చేసుకోండి: పట్టణం దారులకు ఒకటి, హైవేకి ఒకటి. సన్నని పాటలంటే ప్రాణమైతే వాటిని వదులుకోకండి, మూడో జాబితాలో పెట్టండి. ఏ చెరువు గట్టునో, కొండ మలుపునో భద్రమైన చోట కారు ఆపి, ఇంజిన్ ఆపేసి వినడానికి. తల మీద కప్పు లేని కారులో ఆగి వినడం కూడా గొప్ప సుఖమే.

8. వాల్యూమ్‌కు హద్దు గీయండి

అన్నిటికన్నా శ్రద్ధగా చదవాల్సింది ఇదే. చెవి లోపలి సున్నితమైన కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు.

పనిచేసే చోట శబ్దానికి నయోష్ పెట్టిన పరిమితి 8 గంటలకు 85 డెసిబెల్స్. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగమవుతుంది: 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే గంట, 100 అయితే 15 నిమిషాలు.

ఇప్పుడు లెక్క చూడండి. హైవే వేగంలో, అద్దాలు దించి ఉంటే గాలి హోరు ఒక్కటే 85 తాకే కార్లున్నాయి. పాట దానికన్నా కనీసం 6 ఎక్కువుంటే గానీ మాటలు తెలియవనుకుంటే, పాట 91. రెండూ కలిసి చెవికి చేరేది 92. అంటే గంటన్నరకే రోజు కోటా పూర్తి. అదే గాలిని 75కి దించగలిగితే పాట 81 చాలు, కలిపితే 82. ఆ లెక్కన పరిమితి 16 గంటలు. రెండు, మూడు అడుగుల మీద అంత పట్టుబట్టింది అందుకే.

యాప్‌తో కొలిచేటప్పుడు ఫోన్ మైక్‌కు గాలి నేరుగా తగిలితే అంకె అబద్ధం చెబుతుంది. మైక్ మీద స్పాంజి ముక్క అడ్డుపెట్టి, పక్క సీటు మనిషి తన చెవి ఎత్తులో, హెడ్‌రెస్ట్ చాటున పట్టుకుని ఒక నిమిషం కొలవాలి. యాప్ లేకపోతే ఇంకో దారి ఉంది: చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషికి అర్థం కావాలంటే గొంతు పెంచి అరవాల్సి వస్తోందా? అప్పుడు శబ్దం 85 దగ్గరికి వచ్చిందని, దాటిందని అనుకోవాలి.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే సరిపోతుంది కదా అని కొందరు అడుగుతారు. నడిపేవాళ్లు ఆ పని చేయొద్దు. అంబులెన్సు కూత, వెనకవాళ్ల హారన్ వినబడకపోతే ప్రమాదం. ఫ్రాన్స్‌లో 2015 జూలై నుంచి అది నేరం. కాలిఫోర్నియాలో రెండు చెవులకూ పెట్టుకుని నడపకూడదు. మీరున్న చోట నిబంధన ఏదైనా నా సలహా ఇదే.

9. ఫలితం సరిచూసుకోండి

తెలిసిన దారిలో 50, 70, 90 వేగాల దగ్గర ఒక్కో పాట పూర్తిగా వినండి.

ముందు కంఠతా వచ్చిన పాట, తర్వాత ఎప్పుడూ వినని పాట. తెలిసిన పాటలో వినబడని మాటలను మనసే పూరించేస్తుంది. కొత్త పాటలో ఆ మోసం కుదరదు. పల్లవి అయ్యేసరికి పక్కవాళ్లు మాటలు తిరిగి చెప్పగలిగితే ఆ వేగానికి మీ సెట్టింగ్ సరిపోయినట్టు.

ఇంటికి చేరాక టాప్ వేసి, వాల్యూమ్ ముట్టుకోకుండా కారు ఆపేయండి. మర్నాడు ఉదయం ఆన్ చేసినప్పుడు ఉలిక్కిపడేంత మోతగా ఉంటే నిన్న చాలా ఎక్కువ పెట్టి విన్నారన్నమాట. దిగిన తర్వాత చెవుల్లో గుయ్ మంటున్నా, మాటలు దూదిలో నుంచి వస్తున్నట్టున్నా అంతకన్నా గట్టి హెచ్చరిక. మరుసటి ప్రయాణంలో వేగమో, వాల్యూమో తగ్గించండి. ఆ గుయ్ మనేది మర్నాటికీ పోకపోతే డాక్టర్‌కు చూపించుకోండి.

తరచుగా జరిగే పొరపాట్లు

జీరను గట్టిదనం అనుకోవడం. వాల్యూమ్ ఒక హద్దు దాటాక పాట పెరగదు, చిరిగినట్టు అవుతుంది. ఆంప్లిఫైయర్ చేతులెత్తేసిందని అర్థం. అలాగే కొనసాగిస్తే ముందు పోయేవి పై స్వరాలు పలికే చిన్న స్పీకర్లు, అంటే ట్వీటర్లు. రెండు మూడు అంకెలు తగ్గిస్తే పాట ఇంకా బాగా వినబడటం మీరే గమనిస్తారు.

మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవడం. గంటసేపు హోరులో ఉన్న చెవి మొద్దుబారుతుంది, అందుకే ఇంకొంచెం పెంచాలనిపిస్తుంది. మొదటి అరగంటలో కుదిరిన అంకెను దాటనని నియమం పెట్టుకోండి. చాలట్లేదనిపిస్తే టాప్ వేసి పది నిమిషాలు నిశ్శబ్దంగా వెళ్లండి.

డిక్కీలో పెద్ద సబ్‌వూఫర్ (బేస్ కోసమే చేసిన స్పీకర్) పెట్టించడం. టాప్ మడిచి పెట్టడానికి ఉన్న చోటే తక్కువ, పైగా మందపాటి అడ్డుగోడ వెనక నుంచి ఆ బేస్ మీదాకా సరిగా రాదు. బేస్ కావాలంటే సీటు కింద పట్టే చిన్న సబ్‌వూఫర్ గానీ, సీటుకు బిగించి తాళాన్ని ఒంటికి తెలిపే బేస్ షేకర్ గానీ నయం. ఒళ్లు గ్రహించే అదురును గాలి కప్పలేదు. మెర్సిడెస్ 2012 ఎస్ఎల్ నుంచి బేస్ స్పీకర్లను ఏకంగా కాళ్ల దగ్గరే పెట్టింది.

అన్నీ చేశాక కూడా స్పీకర్లు మార్చాల్సిందే అనిపిస్తే వాట్లు చూసి కొనకండి, సెన్సిటివిటీ అంకె చూడండి. అది 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకర్, అదే ఆంప్లిఫైయర్‌తో, పవర్ రెట్టింపు చేసినంత గట్టిగా పలుకుతుంది. స్పీకర్‌లో కదిలే గరాటు భాగాన్ని కోన్ అంటారు; కాగితం కోన్ కన్నా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ కోన్ మేలు. పడవల కోసం చేసే మెరైన్ స్పీకర్లు ఎండకూ తడికీ తట్టుకుంటాయి. అనుకోకుండా వాన కొట్టి డోర్ స్పీకర్లు తడిస్తే వెంటనే గట్టిగా వాయించకండి. పొడి గుడ్డతో జాలీ తుడిచి, టాప్ తెరిచి నీడలో పూర్తిగా ఆరనిచ్చి, తక్కువ వాల్యూమ్‌లో ఒక్కో మూల విని చూడండి.